బెత్తెడు బెరడు

చెట్టుకి పసుపు దారం ఎవరు కట్టారో రేణుకి మొదట అర్థం కాలేదు.

ఆదివారం సాయంత్రం చెత్త డబ్బాని వీధి అంచుకి లాక్కెళ్ళి వెనక్కి వస్తూ చూసింది. ఇంటి ముందున్న బర్చ్ చెట్టుకి, తన నడుము ఎత్తున, పసుపులో తడిపిన నూలు దారం చుట్టి ముడేసి ఉంది. పాదులో నాలుగు అక్షింతలు పడి వానకి ఉబ్బుతున్నాయి. అమెరికా పడమటి కొసనున్న ఈ బాతెల్ ఊళ్ళో మార్చి నెల వాన కురిసినట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. ఆ తుంపరకి పసుపు కరిగి తెల్లటి బెరడు మీద కొంచెం జారింది. నైనిక ఆడుకుందేమో అనుకుంది. ఏడేళ్ళ ఆ పిల్లకి దారాలంటే ప్రాణం. కానీ ముడి చూస్తే చిన్నపిల్ల వేసింది కాదు.

లోపలికి వచ్చి అడిగితే జగదీష్ లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే చెప్పాడు. రేణు పిల్లని బర్త్‌డే పార్టీలో దింపడానికి వెళ్ళినప్పుడు సూర్యప్రకాశరావుగారు వచ్చారట. దారం ఆయనే కట్టారట. రేపు పొద్దున్నే మళ్ళీ వస్తారట. కాఫీ కొంచెం ఎక్కువ పెట్టమన్నాడు, ఆయన పంచదార వేసుకోరు అని కూడా గుర్తు చేశాడు.

ఎందుకు వస్తారని అడిగింది.

"చెప్పాను కదా, నాకు యంత్రం రాసిస్తానన్నారు. దానికి మన చెట్టు బెరడు కొంచెం కావాలట."

చెప్పలేదు. కానీ చెప్పాననే అతను నిజంగా అనుకుంటున్నాడు. ఈమధ్య జగదీష్ మనసులో అనుకున్నవన్నీ పైకి అనేసినట్టే లెక్క. ఆఫీసులో సంక్రాంతి రోజుల్లో ఒక విడత మనుషుల్ని తీసేశారు. రెండో విడత ఈ శుక్రవారం ఉంటుందని అందరూ అంటున్నారు. ఆ 2009లో ఉద్యోగ భయం లేని ఇల్లు వాళ్ళ కాలనీలో లేదు గానీ, హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళ భయం వేరు. వాళ్ళకి ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోదు, ఈ దేశంలో ఉండే వీలూ పోతుంది. రేణు వీసా అతని వీసాకి తోక. ఆ తోకతో ఉద్యోగం చేయకూడదు. చెట్లు పెంచుకోవచ్చు.

సూర్యప్రకాశరావుగారిదీ జగదీష్ ఆఫీసే, వేరే బిల్డింగ్. చాలా ఏళ్ళుగా ఇక్కడ స్థిరపడిన పెద్దాయన. వారమంతా సర్వర్ల పని, శనాదివారాలు ముహూర్తాలు, నామకరణాలు, కొత్త కార్లకి నిమ్మకాయలు. ఒక్క డాలర్ ముట్టుకోరు. పిలిస్తే మంచులో అయినా వస్తారు. అందుకే ఆయన మాట మీద అందరికీ గురి. యంత్రాలు రాయడం తాతగారి నుంచి వచ్చిన విద్య. కుంకుమపువ్వు సిరా, దానిమ్మ పుల్ల కలం, భూర్జపత్రం ఉండాలి. సిరాకీ కలానికీ లోటు లేదు గానీ, కాశీ నుంచి తెప్పించుకున్న భూర్జపత్రం పొట్లాలు పాతబడి ముట్టుకుంటే పొడుమవుతున్నాయని ఆయనకి బెంగ.

ఆ బెంగకి మందు తన ఇంటి ముందే ఉందని చెప్పింది రేణే. మొన్న దీపావళికి అందరూ ఇక్కడికి భోజనానికి వచ్చినప్పుడు, ఈ తెల్లచెట్టు ఏమిటని రావుగారి భార్య కనకదుర్గ అడిగింది. ఇది హిమాలయాల బర్చ్ అని, పూర్వం మనవాళ్ళు రాసుకున్న భూర్జపత్రం ఈ జాతి చెట్టు బెరడేనని రేణు చెప్పింది. బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివిన చదువు అమెరికాలో నలుగురిలో పనికొచ్చింది ఆ ఒక్కసారే. అందరూ చెట్టు చుట్టూ మూగారు. రావుగారు కాండాన్ని వేళ్ళతో నిమిరి కళ్ళకద్దుకున్నారు. ఆ పూటంతా రేణు కాళ్ళు నేల మీద ఆనలేదు.

కొంచెం అంటే ఎంత అని అడుగుదామనుకుంది. అప్పటికే జగదీష్ ఫోన్ ఎత్తాడు. పైనుండే కాగితం పొర ఏటా దానంతటదే రాలిపోయేదేగా, అది తీసుకుంటే చెట్టుకి నొప్పేమీ ఉండదులే అని సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

తెల్లవారుతుండగా రావుగారు వచ్చారు. పట్టుపంచె, పైన మంచులో తొడుక్కునే లావు జాకెట్, కాళ్ళకి చెప్పుల్లేవు. గడ్డిలో నిలిచిన నీళ్ళు పాదాలను ముంచుతున్నాయి. కనకదుర్గ గొడుగు పట్టుకుని ఆయన పక్కన నిలబడింది. రేణు కాఫీ ఫిల్టర్ చేత్తో పట్టుకుని వంటింటి కిటికీలోంచి చూస్తోంది.

ఆయన చేసిందంతా శ్రద్ధగా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. చెంబుతో పాదులో నీళ్ళు పోశారు. కర్పూరం వెలిగిస్తే తడిగాలికి ఆరిపోయింది, మళ్ళీ వెలిగించారు. చేతులు జోడించి చెట్టుతో మాట్లాడారు, ముందు సంస్కృతంలో, తర్వాత తెలుగులో. తల్లీ, ఒక కుటుంబం నిలబడటం కోసం అడుగుతున్నాను, ఇష్టమైతేనే ఇయ్యి, కష్టమైతే చెప్పు, ఇట్నుంచి ఇటే వెళ్ళిపోతాను అన్నారు. ముందురోజు దారం కట్టి పిలవాలని, మర్నాడు అడిగి తీసుకోవాలని, అడక్కుండా తీసిన మూలికకి బలం ఉండదని ఆయన నమ్మకం. అడిగి, కళ్ళు మూసుకుని, జవాబు కోసం కాసేపు నిలబడ్డారు. కిటికీ ఓరగా తెరిచి ఉంది గనక రేణుకి ప్రతి మాటా వినబడింది. ఆమెకి ముచ్చటేసింది కూడా. మొక్కని అంత మర్యాదగా అడిగే మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

చెట్టు ఏమీ అనలేదు. రావుగారు జేబులోంచి అట్టపెట్టెలు కోసే కొత్త బాక్స్ కట్టర్ తీశారు.

పైన కాండం చుట్టూ ఒక గాటు, బెత్తెడు కింద ఇంకో గాటు, రెండిటినీ కలుపుతూ నిలువుగా ఒకటి. ఆ గాట్లు ఎంత లోతుకి దిగుతున్నాయో చూడగానే రేణు ఫిల్టర్ గట్టు మీద పెట్టేసింది. వీధి గుమ్మం దాకా వెళ్ళింది. గుమ్మంలో జగదీష్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ పిల్లాడి మొహంలా ఉంది అతని మొహం. అతన్ని పక్కకి జరగమని, అవతలికి వెళ్ళి, అంత పెద్దాయన్ని ఆగమనడానికి ఆమెకి నోరు రాలేదు. మాట వెతుక్కుంటుండగానే పని అయిపోయింది. కాగితం పొర, దాని కింద పచ్చటి పొర, అన్నీ కలిసి ఒక్క చుట్టులో ఊడి ఆయన చేతిలోకి వచ్చేశాయి. చెట్టు నడుము దగ్గర పాలిపోయిన కట్టె మిగిలింది.

కింది గాటు అంచున నీళ్ళు ఊరి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. బర్చ్‌ని ఈ రోజుల్లో ఎక్కడ గిల్లినా అంతే. అందుకే రేణు ఎండాకాలం వచ్చేదాకా దాని మీద కత్తెర పెట్టదు. రావుగారు ఆ చుక్కలు అరచేతిలో పట్టి, తీర్థం కూడా ఇస్తోందమ్మా తల్లి అని సంతోషపడి, గుమ్మం దాకా తెచ్చి రేణుకీ ఇంత ఇచ్చారు. రేణు చెయ్యి చాపి పుచ్చుకుంది. కాస్త తియ్యగా ఉంది. తర్వాత లోపలికి వెళ్ళి అందరికీ కాఫీ కలిపి తెచ్చింది.

నైనిక స్కూల్ బస్సెక్కాక రేణు చెట్టు ముందు గొంతుక్కూర్చుంది. బెరడు పోయిన చోట వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసింది, ఎక్కడైనా సన్నటి పట్టీ మిగిలిందేమోనని. ఒక వేలి వెడల్పు మిగిలినా చెట్టు గట్టెక్కుతుంది. మిగల్లేదు. రావుగారి పనిలో లోపం లేదు. రక్షకి తెగని చుట్టు కావాలని ఎక్కడా తెగకుండా తీశారు.

ఆకులు వండిన తిండి వేళ్ళకి దిగేది ఆ పచ్చపొరలోంచే. ఇప్పుడా దారి మూసుకుపోయింది. వేళ్ళలో దాచుకున్నది ఉన్నంతకాలం చెట్టుకి ఏమీ కాదు. ఏప్రిల్‌లో మామూలుగానే చిగురిస్తుంది, ఎండాకాలం ఆకులు గలగలమంటాయి. వచ్చే ఏడో, ఆపై ఏడో నిలువునా ఎండిపోతుంది. అప్పటికి ఈ పొద్దు ఎవరికీ గుర్తుండదు. ఈ మొక్కలింతేలే అంటారు. అన్నిటికన్నా అదే రేణుకి ఎక్కువ కష్టంగా తోచింది.

ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో బెత్తంలా ఉన్న మొక్కని తెచ్చి నాటింది. ఇప్పుడు ముంజేయి లావైంది. చిన్న ఇంటి ముందు చిన్నగానే ఉండాలని ఏటేటా కొమ్మలు కుదించి ఒద్దికగా పెంచింది. చలికాలం చివర బకెట్‌తో గోరువెచ్చటి నీళ్ళు, పాత కాటన్ చీర ముక్క తీసుకుని కాండానికి పట్టిన పాచి తుడుస్తుంది. చెట్టుకి తలంటా అని జగదీష్ ఏడిపిస్తాడు. తుడిచాక బయటపడే ఆ తెలుపుకి, మబ్బు విడవని రోజుల్లో కూడా వాకిట్లో కాస్త వెలుతురున్నట్టుంటుంది. ఆ వెలుతురు చూసుకుని ఆమె వంట చేస్తుంది, పిల్ల బస్సు కోసం కాచుకుంటుంది.

గాయం ఆరిపోకుండా గిన్నెల మీద కప్పే ప్లాస్టిక్ పొర తెచ్చి చుట్టింది. సాయంత్రం జగదీష్ అది చూసి, ఏంటి బ్యాండేజా అని నవ్వాడు. అప్పుడు చెప్పింది, చెట్టు చచ్చిపోతుందని.

"బెరడు తీస్తేనే చచ్చిపోతుందా?"

"చుట్టూ తీస్తే చచ్చిపోతుందండీ."

అతని నవ్వు ఆగిపోయింది. కాసేపు చెట్టు వంక చూశాడు. ఆ సంగతి ముందే చెప్పొచ్చు కదా అన్నాడు, కోపం లేకుండానే. సరేలే, ఇలాంటిదే ఇంకోటి కొనుక్కుందాం, ముందు ఈ శుక్రవారం గడవనీ అని లోపలికి వెళ్ళిపోయాడు.

కోప్పడినా బాగుండేది. తనూ ఒక మాట అనడానికి సందు దొరికేది. ఊరకున్నంత ఉత్తమం లేదన్న సామెత మీదే రేణు ఇన్నాళ్ళ కాపురం నడుపుకొచ్చింది. అందులో నష్టమేమీ కనబడలేదు ఇంతవరకు. జగదీష్ చెడ్డవాడు కాదు. గట్టిగా అరవడు, పిల్లంటే ప్రాణం పెడతాడు, ఒంట్లో బాగాలేదంటే వంట చేసి పెడతాడు. ఏదీ అడగడు, అంతే.

*

మర్నాడు రేణు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కాలేజీలో ఎలుకలు కొరికిన మామిడి మొక్కలకి ఒకసారి వంతెన అంటు, అంటే బెరడు పోయిన చోటు మీదుగా పై బెరడునీ కింది బెరడునీ పుల్లలతో కలిపే అంటు, కట్టించారు. చేసిన అంట్లలో సగం బతికాయి, సగం పోయాయి. మామిడికి చేసింది బర్చ్‌కి పనికొస్తుందో లేదో ఆమెకి తెలియదు. లైబ్రరీకి వెళ్ళి పండ్లతోటల పుస్తకాలు తిరగేసింది. పద్ధతి ఒకటే, బర్చ్ మాట ఏ పుస్తకంలోనూ లేదు. వచ్చేటప్పుడు నర్సరీలో ఆగి అంటు మైనం కొన్నది.

ఇంకా మొగ్గ విప్పని పుల్లలు కావాలి. మొగ్గ విచ్చుకున్న పుల్ల తన తిండి తనే తినేస్తుంది, అతుక్కోదు. చెట్టుకి ఎండ తగిలే వైపు మొగ్గలన్నీ ఉబ్బిపోయాయి. ఇంటి గోడ వైపు, నీడన, పెన్సిల్ లావు రెమ్మలు గట్టిగా మూసుకున్న మొగ్గలతో కొన్ని దొరికాయి. వాటిని కోసి తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కూరల అరలో పెట్టింది. కరివేపాకు అనుకుని జగదీష్ ఆ పొట్లం ఒకసారి విప్పి, మళ్ళీ అలాగే చుట్టి పెట్టేశాడు.

బుధవారం తుంపర ఆగింది. రేణు కూరల కత్తిని పింగాణీ కప్పు అడుగున నూరి, వెంట్రుక తెగే పదునుకి తెచ్చింది. పాత యోగా చాపని గడ్డి మీద పరిచి మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు గాయం పై అంచూ కింది అంచూ చెక్కి శుభ్రం చేసింది. ఒక్కో పుల్ల రెండు చివర్లూ ఏటవాలుగా, ఒక్క కోతలో కోసింది. రెండోసారి కత్తి పెడితే గరుకవుతుంది. కింద బెరడులో చిన్న చీలిక, దానికి సూటిగా పైన ఒక చీలిక. బెరడు ఇప్పుడిప్పుడే వదులవుతోంది, కత్తి వెనక భాగంతో లేపితే లేచింది. పుల్ల అడుగు కింది చీలికలో, కొస పై చీలికలో దూర్చింది. మొగ్గలు ఆకాశం వైపు చూస్తున్నాయో లేదో ప్రతిసారీ చూసుకుంది. తలకిందులుగా పెట్టిన పుల్ల ఎన్నాళ్ళు కట్టి ఉంచినా ఎండు పుల్లే. ఊగినప్పుడు విరగకుండా కొంచెం బయటికి విల్లులా వంచి, ఫోటోలు తగిలించే సన్నటి మేకులతో బిగించింది.

మొదటి పుల్ల చీలిపోయింది. రెండోది పొట్టిదైంది. మూడోది కుదిరాక చెయ్యి లొంగింది. మధ్యలో వేళ్ళు కొంకర్లు పోతే చంకలో పెట్టుకుని వేడి చేసుకుంది. బస్సు దిగి వచ్చిన నైనిక, అమ్మా, ఇట్ లుక్స్ లైక్ అ కేజ్ అంది. నిజమే, కాండం చుట్టూ పుల్లలు చిన్న పంజరంలా నిలబడ్డాయి. కరిగించిన మైనం ప్రతి అతుకు మీదా పూస్తుంటే రేణుకి ఏడుపొచ్చింది. చెట్టు కోసమో, చేతులకి ఇంకా పని గుర్తున్నందుకో ఆమెకే తెలియలేదు. అతుక్కున్నదీ లేనిదీ మే నెల దాటితే గాని తెలియదు.

*

శుక్రవారం మధ్యాహ్నం జగదీష్ ఫోన్ చేశాడు. ముందు ఆఫీసు చప్పుళ్ళే వినబడ్డాయి. ఆ కాస్సేపట్లోనే రేణు మనసులో సామాన్లు సర్దేసింది, ఇల్లు ఖాళీ చేసేసింది. తర్వాత అతను, నా పేరు లేదు రేణూ అన్నాడు. ఆమె వంటింట్లో కింద కూర్చుండిపోయి పెద్దగా ఏడ్చింది. సంతోషమే, అందులో దాపరికం లేదు.

సాయంత్రం అతను మిఠాయి డబ్బాతో వచ్చి, బూట్లు విప్పి నేరుగా దేవుడి అలమర దగ్గరికి వెళ్ళాడు. బుధవారమే రావుగారు పంపిన యంత్రం అక్కడ అద్దం వెనక ఉంది. తెల్ల బెరడు మీద కుంకుమపువ్వు రంగు గీతలు, బీజాక్షరాలు. బాగా రాశారు. జగదీష్ దానికి దణ్ణం పెట్టి, చూశావా అన్నట్టు ఆమె వైపు తిరిగాడు. చెట్టు పోతుందన్న సంగతి ఎంత నిజమో, ఉద్యోగం నిలిచిందన్న సంగతీ అంతే నిజం. ఆ రెండిటికీ సంబంధం లేదని వాదించడానికి ఇది సమయం కాదు.

అప్పుడు రెండో సంగతి చెప్పాడు. రాజ్ ఉద్యోగం పోయింది. వరంగల్ కుర్రాడు, పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, జగదీష్ పక్క క్యూబికల్. రేపు మధ్యాహ్నం రావుగారి దంపతుల్నీ రాజ్‌నీ భోజనానికి పిలిచానన్నాడు. వెంటనే ఇంకో ఉద్యోగం దొరకడానికి రాజ్‌కి ఒక యంత్రం రాస్తారట రావుగారు. ఇంకా ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారట. మన చెట్టుకి మంచి పేరొచ్చింది రేణూ అన్నాడు, ఆమె సంతోషిస్తుందనే అనుకుని.

ఆ రాత్రి రేణు పప్పు నానబోసింది.

*

శనివారం వంట సగంలో ఉండగానే వాళ్ళు వచ్చారు. రాజ్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గడ్డం గీసుకోలేదు. సోఫాలో కూర్చోమంటే కూర్చున్నాడు, మంచినీళ్ళు ఇస్తే తాగాడు. భోజనానికి ముందే చెట్టుకి చెప్పేసి వద్దామని రావుగారు లేచారు. అందరూ వెనకాలే బయటికి నడిచారు. రేణు పొయ్యి ఆపి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ తనూ వెళ్ళింది.

చెట్టు దగ్గర రావుగారు ఒక్క క్షణం ఆగారు. పుల్లల పంజరం చూసి, పిల్ల ఆటేమో అనుకున్నట్టుంది, పట్టించుకోలేదు. పంజరానికి జానెడు పైన చోటు చూసుకుని, జేబులోంచి దారపు ఉండ తీసి కొస పట్టుకున్నారు. కనకదుర్గ అక్షింతల పొట్లం విప్పింది.

"రావుగారూ," అంది రేణు. ఆ పిలుపుకి జగదీష్ ముందు తిరిగాడు. "మొన్న మీరు దీన్ని అడిగారు కదండీ. ఒప్పుకుందని ఎలా తెలిసింది?"

ఆమె వెటకారంగా అడగలేదు. ఆయనా అలా అనుకోలేదు. ఎవరైనా విద్య గురించి అడిగితే ఆయనకి ఇష్టం. దారం పట్టుకున్న చెయ్యి దించి, ఓపిగ్గా చెప్పారు.

"ఏమీ అనలేదు కదమ్మా. ఇష్టం లేకపోతే ఏదో ఒక శకునం చూపిస్తుంది. కొమ్మ విరుగుతుంది, కాకి అరుస్తుంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు."

"ఆ రోజు నేనూ ఏమీ అనలేదండీ," అంది రేణు.

ఆయనకి వెంటనే అందలేదు. నవ్వబోయి ఆగిపోయారు. కనకదుర్గకి ముందు అందింది. ఆవిడ పొట్లం మెల్లగా మళ్ళీ మడిచేసింది.

"ఇప్పుడు అంటున్నాను. వద్దండీ. ఇంక దీని మీద కత్తి పెట్టొద్దు."

జగదీష్ మొహం కందగడ్డలా అయింది. రేణూ, రాజ్ ముందు ఏంటిది అని గొంతు తగ్గించి అన్నాడు. ఆ మాటే ఆమెనీ గుచ్చుతోంది. ఉద్యోగం పోయినవాడి ముందు చెట్టు గురించి మాట్లాడుతున్న మనిషిని తను అయింది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

రాజ్ తలెత్తాడు. "ఇడిసిపెట్టు సార్. అక్క వద్దంటుంది గదా," అన్నాడు. ఎవరైనా గట్టిగా తిట్టి ఉన్నా రేణుకి అంత బాధనిపించేది కాదు.

రావుగారు దారం జేబులో పెట్టుకున్నారు. పంచె సర్దుకుని చెట్టు ముందు కూర్చుని, ఇవేమిటమ్మా అని ఒక పుల్లని చూపించారు, ముట్టుకోకుండా. రేణు పక్కన కూర్చుని చెప్పింది. తిండి ఏ పొరలోంచి దిగుతుందో, చుట్టూ తెగితే ఏమవుతుందో, ఈ పుల్లలు ఎందుకు కట్టిందో చెప్పింది. పాఠం చెప్పినట్టు కాకుండా, ఇంట్లో ఒకరి జబ్బు గురించి చెప్పినట్టు చెప్పింది. ఆయన వింటున్నకొద్దీ భుజాలు కిందికి జారిపోయాయి. చెట్టుని అడగడం ఆయనకి ఉత్త తంతు కాదు. నిజంగా అడిగారు, నిజంగా ఇచ్చిందనుకున్నారు. అందుకే ఈ కబురు ఆయనకి తగిలినంత గట్టిగా అక్కడ ఇంకెవరికీ తగల్లేదు.

"నాకు తెలీదమ్మా," అన్నారు చివరికి.

"అడిగితే చెప్పేదాన్నండీ."

ఆయన తల ఊపారు. లేవబోతే మోకాలు పట్టేసింది, జగదీష్ చెయ్యి అందించాడు. కనకదుర్గ భర్త జాకెట్ జేబులో చెయ్యి పెట్టి, బాక్స్ కట్టర్ తీసి తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

భోజనాలు జరిగాయి. ఎవరూ ఎక్కువ తినలేదు, రాజ్ తప్ప. నిన్నటి నుంచి తిండి లేనట్టుంది, పప్పు మూడుసార్లు వడ్డించుకున్నాడు. వెళ్ళేటప్పుడు రావుగారు అతనితో, యంత్రం సంగతి తర్వాత, ముందు నీ రెజ్యూమే నాకు పంపు, నాకు తెలిసిన ఇద్దరు మేనేజర్లున్నారు అన్నారు. ఆ మాట ముందే అనొచ్చు కదా అని రేణుకి అనిపించింది గానీ, ఒక పూటకి అన్న మాటలు చాలని ఊరుకుంది.

వాళ్ళు వెళ్ళాక జగదీష్ పళ్ళేలు తీశాడు. సింకు దగ్గర ఆమె వైపు వీపు పెట్టి నిలబడి, ఊళ్ళో ఏమనుకుంటారు అన్నాడు. నాతో ఒంటరిగా చెప్పొచ్చు కదా అన్నాడు. చెప్పాను కదండీ సోమవారం, మీరు ఇంకోటి కొందామన్నారు అంది రేణు. అతను కుళాయి కట్టేశాడు. ఆ తర్వాత ఇద్దరూ నైనికతోనే మాట్లాడారు.

*

ఆదివారం పొద్దున తుంపరతో పాటు గాలి లేచింది. దక్షిణం నుంచి వీచే గాలి, కంచె చెక్కలు కిర్రుమంటున్నాయి. రేణు లేచేసరికి చెట్టు తల పెద్దగా ఊగుతోంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఒక పుల్ల పై అతుకు దగ్గర మైనం పగిలి, మేకు సగం బయటికొచ్చింది. మిగతావి నిలిచాయి. కొత్త మైనం మెత్తబరిచి, బొటనవేలితో అదిమి, వేడి దిగేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. చెట్టు ఊగినప్పుడల్లా ఆ ఊపు ఆమె వేలికి తెలుస్తోంది.

గరాజ్ తలుపు పైకి లేచిన చప్పుడైంది. జగదీష్ పైజామా మీద జాకెట్ తగిలించుకుని వచ్చాడు. ఒక చేతిలో టమాటా మొక్కలకి కట్టే లావు కర్ర, ఇంకో చేతిలో సుత్తి, భుజాన పాత కాటన్ చున్నీ. కిటికీలోంచి చాలాసేపే చూసినట్టున్నాడు. కర్ర మొన చెట్టు పక్కన నేల మీద ఆనించాడు. సుత్తి ఎత్తబోయి ఆగాడు.

"ఇక్కడ పాతనా?"

రేణు వేలు తీసి, లేచి, చెట్టు చుట్టూ నడిచింది. గాలి ఎటునుంచి వస్తోందో చూసింది. వేళ్ళు ఎటు పాకాయో పాదులో మడమతో నొక్కి చూసింది. కర్ర మరీ దగ్గరైతే వేరు చీలుతుంది, దూరమైతే కట్టు నిలవదు. ఆలోచిస్తూ ఆమె అలాగే నిలబడిపోయింది. అతని జుట్టు తడిసి నుదుటి మీదికి కారుతోంది. కర్ర పట్టుకున్న వేళ్ళు చలికి ఎర్రబడ్డాయి.

ఆమె జవాబు చెప్పేదాకా జగదీష్ సుత్తి ఎత్తలేదు.